తుప్పు కిందుంటాది

మా చిత్తూరు వైపు తెల్లారకముందే పాల క్యాన్లతో పోయే మూసిన మినీ ట్రక్కుల్ని చూసే ఉంటారు. లోపల నేలకు చాలామంది రబ్బరు మ్యాట్ అంటించేస్తారు. క్యాన్ జారదు, చప్పుడుండదు, నిజమే. కానీ ఒలికిన పాలు, కడిగిన నీళ్లు దాని కింద చేరి నిలుస్తాయి. పాలు పులిస్తే లాక్టిక్ ఆమ్లం. ఇనుప రేకును మెల్లగా తినేస్తాది.

అల్యూమినియం చెక్కర్ ప్లేటుకు ఎర్ర తుప్పు పట్టదు. అదే మందానికి బరువు ఉక్కులో మూడో వంతే. ఖరీదు మాత్రం ఎక్కువ. అది కొనలేకపోతే మ్యాట్‌ను అంటించకుండా ఊరికే పరచాలి, రోజూ ఎత్తి కడిగి ఆరబెట్టాలి.

క్లాసులో మనం బలం లెక్కలు కడతాం, నీళ్లు ఎటు పోతాయో అడగం. కంతులు తీరకముందే నేలకు చిల్లు పడితే, నష్టం ఆ బండిమీద బతికేవాడిదే కదా!