ఇంట్లో డయాలిసిస్ సరే, ఇల్లేదీ?



ఈమధ్య పట్నం నుంచి ఒక పెద్ద డాక్టరుగారు మా ఉద్దానానికి వచ్చి కిడ్నీ జబ్బు మీద ఉపన్యాసం ఇచ్చారు. మేమూ వెళ్ళాం. మాతోపాటు మా పేట నుంచి ఒకన్న వచ్చాడు. కొబ్బరితోటల్లో కాయ దింపే కూలి. ఇప్పుడు ఏ చెట్టూ ఎక్కలేడు, డయాలిసిస్ మీద బతుకుతున్నాడు. డాక్టరుగారు చెప్పిందేమిటంటే, ఇకమీదట సెంటర్ల చుట్టూ తిరగనక్కర్లేదట, మిషను ఇంట్లోనే పెట్టుకోవచ్చట, అందులో స్వేచ్ఛ ఉందట, "ఇల్లా సెంటరా అన్నది మీరే నిర్ణయించుకోవాలి" అట. మా అన్న మా చెవి దగ్గరికి వంగి అన్నాడు: "మాస్టారూ, మా ఇంట్లో మంచం ఏస్తే తలుపు పడదు. ఆ మిసను ఎక్కడెట్టుకోమంతన్నాడేటి?"

ఆ ప్రశ్న డాక్టరుగారిని అడగడానికి మైకు మా దాకా రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

వైద్యం గురించి ఆయన అబద్ధం చెప్పారని మేం అనడంలేదు. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ రాత్రీ పగలూ పనిచేస్తుంది. సెంటర్లో మిషను వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు మాత్రమే పనిచేస్తుంది. మధ్యలో రెండు రోజుల ఎడం వచ్చినప్పుడు ఒంట్లో నీరూ విషాలూ పేరుకుని గుండె మీద పడతాయి. ఆ ఎడం తర్వాతే చావులు ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. మిషను ఇంట్లో ఉంటే రోజు విడిచి రోజు చేసుకోవచ్చు, నిద్రపోతూ రాత్రంతా నెమ్మదిగా చేసుకోవచ్చు. బీపీ అదుపులో ఉంటుంది, తిండి మీద ఆంక్షలూ కొంత తగ్గుతాయి. ఇదంతా నిజం. కాని ఈ నిజం ఎవరింటికి సరిపోతుంది? ఇల్లంటే వాళ్ళ దృష్టిలో ఏమిటి?

లెక్క చూద్దాం. మేం లెక్కల మాస్టర్లమే. మిషనులోకి నిమిషానికి అర లీటరు చొప్పున శుద్ధిచేసిన ద్రావణం పోతుంది. నాలుగు గంటలకి 120 లీటర్లు. ఆ 120 లీటర్లు తీయాలంటే బోరు నుంచి ఇంచుమించు దానికి రెట్టింపు నీళ్ళు తోడాలి. వారానికి మూడుసార్లయితే శుద్ధి నీళ్ళే 360 లీటర్లు. తాగే నీళ్ళయినా వాటికి సరిపోవు, ఎందుకంటే ఇవి రక్తానికి పల్చటి పొర అవతల పారే నీళ్ళు. అల్యూమినియం ఎక్కువున్న నీళ్ళు వాడి రోగులకి మతిపోయి చనిపోయిన సంగతి 1970లలోనే వైద్యలోకం చూసింది. ఇప్పుడు మా పేటకి రండి. వీధి కొళాయి దగ్గర బిందెల వరస చూడండి. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ మనవాళ్ళని చవదార్ చెరువు దగ్గరికి నడిపించి నీళ్ళు ముట్టించాల్సి వచ్చింది. 1985లో కారంచేడులో మాదిగపల్లె మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన గొడవ ఆరుగురి ప్రాణాలు తీసింది. దోసెడు నీళ్ళకి చరిత్ర ఇంత ఉంటే, వారానికి 360 లీటర్ల శుద్ధజలం మా గుడిసెలోకి ఎవరు తెస్తారు?

పైగా ఇది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం. ఇక్కడ ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఏళ్ళ తరబడి పరిశోధనలు జరిగినా ఒక్క కారణం తేల్చలేదు. నీళ్ళనీ, పురుగుమందులనీ, ఎండలో ఒళ్ళు విరిగే పననీ అనుమానాలున్నాయి. ఏ నీళ్ళ మీద అనుమానముందో ఆ నీళ్ళతోనే ఇంట్లో రక్తం కడుక్కోమంటే ఎలా?

కరెంటు సంగతి ఒక్క ముక్కలో. నాలుగు గంటలు ఆగకుండా ఉండాలి. ఉంటుందా?

ఇక అసలు సంగతి. ఇంట్లో సూది గుచ్చేదెవరు? మిషను కడిగేదెవరు? సూది ఊడి రక్తం కారితే, బీపీ పడిపోయి మనిషి కళ్ళు తేలేస్తే పట్టుకునేదెవరు? డాక్టరుగారు "కుటుంబ సభ్యుడు" అన్నారు. సభ్యుడు కాదు, సభ్యురాలు! మా వదిన పొద్దున్నే పలాస జీడిపప్పు ఫ్యాక్టరీకి పోయి పిక్కలు కొట్టి, చేతులు జీడి రసానికి మాడి ఇంటికొస్తుంది. రాత్రికి ఆవిడే నర్సు, ఆవిడే టెక్నీషియను. జీతం లేదు, సెలవు లేదు. ప్రభుత్వం సెంటర్లో నర్సుకి ఇవ్వాల్సిన జీతాన్ని మా వదిన నిద్రలోంచి కోసుకోవడాన్ని స్వేచ్ఛ అంటారా? మన సంఘాల్లో ఉండే మగవాళ్ళం కూడా ఈ ప్రశ్న ముందు వేసుకోం. మా మీటింగులో ఇది లేవనెత్తింది ఆవిడే.

ఈ మిషను చరిత్ర కూడా మనవాళ్ళకి తెలియాలి. 1943లో నాజీల ఆక్రమణలో ఉన్న హాలెండులో కోల్ఫ్ అనే డాక్టరు సాసేజీలు చుట్టే పల్చటి కాగితపు గొట్టాలతో రక్తం శుభ్రం చేసే మిషను కట్టాడు. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో స్క్రిబ్నర్ అనే డాక్టరు, చేతికి గొట్టం అమర్చి పదేపదే మిషను పెట్టే మార్గం కనిపెట్టాడు. కాని మిషన్లు తక్కువ, రోగులు ఎక్కువ. ఎవరు బతకాలో తేల్చడానికి ఊరి పెద్దమనుషులతో ఒక కమిటీ వేశారు. వాళ్ళు చూసినవేమిటి? ఆదాయం, ఆస్తి, చదువు, ఉద్యోగం, చర్చికి పోతాడా లేదా! అన్నలారా, ఈ కమిటీ మనకి కొత్తా? మనూళ్ళలో అది వేల ఏళ్ళుగా కూర్చునే ఉంది.

ఆ సియాటిల్‌లోనే 1964లో వయసు చిన్నదని కమిటీ కాదన్న ఒక అమ్మాయి కోసం ఇంజనీర్లు ఇంట్లో పెట్టుకునే మిషను తయారుచేశారు. అంటే ఇంటి మిషను పుట్టింది సౌకర్యం కోసం కాదు, సెంటరు తలుపు మూసేస్తే పుట్టింది. 1970ల మొదట్లో అమెరికాలో డయాలిసిస్ రోగుల్లో సుమారు 40 శాతం ఇంట్లోనే చేసుకునేవారు. 1973 నుంచి ప్రభుత్వం ఖర్చు భరించడం మొదలెట్టగానే లాభాల సెంటర్లు పుట్టగొడుగుల్లా లేచాయి, ఇంటి డయాలిసిస్ కుప్పకూలింది. రోగులందరూ ఒక్కసారిగా మనసు మార్చుకున్నారా? లేదు, డబ్బు ఎటు పోతే మంచం అటు పోయింది. నిర్ణయం మీదే అని చెప్పేవాళ్ళు ఈ సంగతి చెప్పరు.

అలాగని సెంటర్లని నెత్తిన పెట్టుకోమనడంలేదు. ఒకప్పుడు మావాళ్ళు రెండొందల కిలోమీటర్ల పైచిలుకు విశాఖపట్నం పోయి దారిలోనే పోయారు. అడగ్గా అడగ్గా సోంపేటలో, పలాసలో సెంటర్లొచ్చాయి. ఆరోగ్యశ్రీ వచ్చింది, 2019లో డయాలిసిస్ పింఛను నెలకు 10,000 చేశారు, 2023లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. ఇవి ఎవరి దయా కాదు. కాని 2016 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన జాతీయ డయాలిసిస్ పథకం నడిచేది ప్రైవేటు భాగస్వామ్యంలో. మిషను పెట్టేవాడికి సెషను లెక్కన డబ్బు. మా అన్న వెళ్ళే సెంటర్లో మిషన్లు చాలవని మూడుసార్లకి బదులు రెండుసార్లే ఇచ్చిన వారాలున్నాయి. వంతు కోసం తెల్లారుజామున నాలుక్కి లేచి బస్సెక్కుతాడు. చేతికి ఫిస్టులా వేశాక ఆ చేత్తో తట్ట మొయ్యకూడదు, కాబట్టి కూలి లేదు. తోడొచ్చిన వదినకి ఆ రోజు కూలి పోయింది. మిషను కులం అడగదు, నిజమే. మిషను దగ్గర కూర్చున్నవాడు అడుగుతాడు: "ఏ వీధి మీది?"

మరి మనమేం అడగాలి? మా సంఘంలో కుర్రాళ్ళు "ఇంటింటికీ మిషను" అని నినాదం రాశారు. ఆవేశం మెచ్చుకున్నాం, నినాదాన్ని తిప్పికొట్టాం. నీళ్ళూ గదీ లేని చోట మిషను ఇస్తే ఏడాదికల్లా దాని మీద బట్టలారేస్తాం, చచ్చిపోయినవాడి మీద "వాడకం రాలేదు" అని నింద వేస్తారు.

ఇంటి దగ్గరే చేసుకోగల రెండో పద్ధతి ఒకటుంది. కడుపులోకి గొట్టం అమర్చి, రెండు లీటర్ల సంచితో ద్రావణం లోపలికి వదిలి, కొన్ని గంటల తర్వాత బయటికి తీసేస్తారు. రోజుకి మూడు నాలుగుసార్లు. పెరిటోనియల్ డయాలిసిస్ అంటారు. మిషను లేకుండానే చేసుకోవచ్చు, బోరు నీళ్ళూ కరెంటూ అక్కర్లేదు. థాయిలాండు 2008లో తన పేదల ఆరోగ్య పథకంలో దీన్నే మొదటి పద్ధతిగా పెట్టి సంచులు ఇళ్ళకి పంపించింది. 2019లో మన జాతీయ పథకంలో కూడా దీన్ని చేర్చారు. ఇందులోనూ ప్రమాదముంది. చెయ్యి సరిగ్గా కడగకపోతే కడుపులో చీము పడుతుంది. నెలకి నూట ఇరవై సంచులు వానకి తడవకుండా పెట్టుకోవాలి. కాబట్టి దీనికీ ఒక పక్కా గది కావాలి.

వచ్చే సోమవారం కలెక్టరు గ్రీవెన్సులో ఇచ్చే అర్జీలో ఇవే రాశాం. ప్రతి మండలంలో సెంటరు, వారానికి మూడుసార్లు తప్పకుండా, రాత్రి షిఫ్టుతో సహా. రోగికీ తోడు మనిషికీ బస్సు చార్జీ, తోడు మనిషికి పోయిన రోజుకూలి. సంచుల పద్ధతి కోరినవాళ్ళకి గుమ్మం దాకా సంచులు, నేర్పడానికి జీతమున్న నర్సు, ఒక గది, ఒక కొళాయి. ఇవన్నీ ఇచ్చాక వచ్చి అడగండి ఇల్లా సెంటరా అని, అప్పుడు మా అన్నా వదినా కూర్చుని నిర్ణయించుకుంటారు.

అర్జీ మీద సంతకాలు ఈ ఆదివారం పేట రామందిరం దగ్గర కాదు, అంబేద్కర్ బొమ్మ దగ్గర. వేలిముద్ర వేసేవాళ్ళూ రండి. డయాలిసిస్ కార్డు జిరాక్సు, పోయిన నెల బస్సు టిక్కెట్లు దాచి ఉంటే అవీ తీసుకురండి. మా అన్నవి ఇరవై రెండున్నాయి. రెండువైపులావీ కలిపి ఇరవై నాలుగు ఉండాలి. ఒక రోజు ఆయన వెళ్ళలేదు, చార్జీ లేక.