టీకా పంక్తిలో ముందెవరు?

వడ్డించువాడు మనవాడైనచో కడపంక్తిని గూర్చున్నను లోటు లేదని మన పెద్దలు చెప్పుదురు. విందుభోజనమునందు ఈ సామెత నవ్వు పుట్టించును. ప్రాణరక్షకమైన మందును వడ్డించువేళ ఇదియే ఘోరమైన అన్యాయమగును. మహమ్మారి వ్యాపించినపుడు కొత్త టీకామందు అందఱికిని ఒక్కనాడే చాలదు. కావున ముందెవరికి, పిదప నెవరికి అను ప్రశ్న తప్పదు. 2021వ సంవత్సరమున ఈ ప్రశ్న దేశమున కంతటికిని ఎదురయ్యెను. మరల ఎదురు కాదని చెప్పగలవా రెవ్వరు? మహమ్మారి ఉద్ధృతి లేని ఈ దినములలోనే మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రజలు దీనిని గూర్చి ఆలోచించి ఒక నిర్ణయమునకు వచ్చుట మేలని మా అభిప్రాయము.

మొదట జరిగినదానిని స్మరింతము. 2021 జనవరి 16న టీకా కార్యము ఆరంభమయ్యెను. వైద్యులకును, దాదులకును, ఆశా కార్యకర్తలకును, ఆస్పత్రి సిబ్బందికిని మొదటి తాంబూలము దక్కెను. ఫిబ్రవరిలో రక్షకభటులు, పారిశుద్ధ్య కార్మికులు మున్నగువారి వంతు వచ్చెను. మార్చి 1 నుండి 60 ఏండ్లు దాటినవారికిని, 45 దాటి దీర్ఘరోగములు గలవారికిని, ఏప్రిల్ 1 నుండి 45 దాటిన వారందఱికిని వేయ మొదలిడిరి. ఈ క్రమమును మేము నిందింపము. వైద్యుడు పడిపోయినచో ఆస్పత్రియే పడిపోవును. కోవిడు వ్యాధియందు వయస్సు పెరిగినకొలది మరణభయమును పెరుగును. ఎవరికి ఆపద ఎక్కువో వారికే ముందు అను సూత్రము ధర్మసమ్మతము.

అయితే కాగితముమీది క్రమము వేఱు, భుజమున సూది దిగు క్రమము వేఱు. మే 1న 18 ఏండ్లు దాటిన వారందఱికిని ద్వారము తెఱచిరి. ఆ ద్వారమునకు రెండు తాళములు వేసిరి. మొదటిది సెల్‌ఫోను. ఆ వయస్సువారు కోవిన్ అను వేదికయందు ముందుగా పేరు నమోదు చేసికొని స్లాటు సంపాదింపవలెను. అది జూన్ నెలలో గాని తెలుగున మాటాడ నేర్వలేదు. రెండవ తాళము ధనము. ఉత్పత్తియైన మందులో నాలుగవ వంతు ప్రయివేటు ఆస్పత్రులకు విడిచిపెట్టిరి. అచట వెల యిచ్చుకొన్నవానికి సూది దొరకెను. ఈ విధానమును సుప్రీంకోర్టు ప్రశ్నింపగా, జూన్ 21 నుండి కేంద్రమే రాష్ట్రములకు మందును ఉచితముగా నొసగు పద్ధతికి మరల వచ్చిరి. నాలుగవ వంతుమాత్రము ప్రయివేటువారికే నిలిచెను.

మంచము పట్టిన వృద్ధుల సంగతి ఇంతకన్న శోచనీయము. మార్చి 1ననే వారి వంతు వచ్చినది. కాని నడువలేనివారి యింటికి పోయి టీకా వేయవచ్చునని కేంద్రము చెప్పినది సెప్టెంబరులో! ఆపదను బట్టి అగ్రస్థానము గలవారికి ఆచరణమున ఆరు నెలలు దాటిన పిదప గాని పిలుపు రాలేదు. వరుసలో ముందు నిలుపుట చాలదు. వరుసకు రాలేనివాని యొద్దకు వరుసయే పోవలయును.

ఇక మన మూడు పట్టణములను చూడుడు. మదనపల్లె టమాటా మార్కెట్టులో పెట్టెలు మోయు హమాలీ ఇంట కూర్చుండి పని చేయజాలడు. పుంగనూరు పల్లెలలో తెల్లవారుజామున పాలు పోయ వచ్చు స్త్రీ తన గేదెతో రేపు రమ్మని చెప్పజాలదు. కుప్పమునుండి రైలెక్కి బెంగుళూరికి కూలికి పోవువాడు పగలు ఒక రాష్ట్రమున, రాత్రి మఱియొక రాష్ట్రమున నుండును. రోగము సరిహద్దు దాటును గాని జాబితా దాటదు. ఇంటింటి లెక్క వ్రాయు పగటివేళ అతడు ఇంట నుండడు. కావున మా మాట యిది: మొదట మరణభయము ఎక్కువగా గలవారు, సమానమైన ఆపద గలవారిలో రోగమునుండి తప్పుకొని తిరుగు వీలు లేనివారు, పిదప ఒకరిపై పలువురు ఆధారపడిన ఇండ్ల పోషకులు. అప్పటికిని మందు చాలనిచో చీటీలు వేయవచ్చును గాని, వెల పాట పెట్టరాదు.

2021 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఐదేండ్లలోపు బిడ్డల తల్లులకు వయస్సుతో నిమిత్తము లేక ముందు టీకా వేయ నిశ్చయించెను. పడుచువారి కేల ఈ తొందర యని అడుగవచ్చును. బిడ్డ ఆస్పత్రిపాలైనచో ప్రక్కన నుండవలసినది తల్లియే గదా! ఆ నిర్ణయమున విచక్షణ గలదు. అట్టి విచక్షణ ఆపద మీదపడిన పిదప గాక, ముందే యుండవలెనని మా కోరిక.

ఈ విషయమున మాటాడుటకు మదనపల్లెకు ప్రత్యేకమైన అర్హత యున్నది. క్షయరోగులకై వెలసిన ఆరోగ్యవరము ఈ పట్టణపు చెంతనే యున్నది. 1948లో దేశమున బి.సి.జి. టీకాను ప్రయోగాత్మకముగా ఆరంభించినపుడు మదనపల్లె అందొక కేంద్రము. తరువాత 1950 మొదలు ఈ చుట్టుప్రక్కల పల్లెలలో కొందఱికి టీకా వేసి, కొందఱికి వేయక, ఇరువర్గములవారిని ఏండ్ల తరబడి పరిశీలించిరి. దాని ఫలితములు ప్రపంచమున వైద్యులకు ఉపకరించినవి. పేదపల్లెల భుజములమీద నేర్చిన విద్య యిది. నేర్చునపుడు ముందు నిలిచిన పల్లె పంచునపుడు వెనుక నిలువవలెనా?

ఆపత్కాలమున తారతమ్యములు లెక్కించుచు కూర్చున్నచో ఆలస్యమగును, వచ్చినవారికి వచ్చినట్లు వేయుటయే మేలని కొందఱందురు. వేగము కావలసినదే. కాని 2021 జూన్ 20న మన రాష్ట్రమున ఒక్కదినమున 13 లక్షలకు పైగా టీకాలు వేసిరి. గ్రామ సచివాలయముల యొద్ద ఇంటింటి లెక్క యుండుట ఇందుకు ఎంతయో తోడ్పడినది. లెక్క వేగమునకు శత్రువు కాదు, మిత్రము. పదిమందికి సరిపడు సీసా తెఱచిన పిదప కొన్ని గంటలలోనే వాడవలయును. సాయంకాలము ఇద్దఱికి సరిపడు మందు మిగిలినచో దానిని ఎవరికి వేయవలెను? జాబితా లేనిచో గ్రామపెద్ద బంధువునకే యని వేఱుగ చెప్ప నక్కఱలేదు. నిరీక్షకుల జాబితా గోడమీద నున్నచో ఆ చోటనే న్యాయము జరుగును.

ధనిక దేశములు తమ జనసంఖ్యకు మించి మందును ముందే కొనివేసినవని మనము 2021లో ఆక్షేపించితిమి. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. కాని బెంగుళూరు ఆస్పత్రిలో వెల యిచ్చినవానికి ముందును, కుప్పము కూలివానికి వెనుకయు అయినచో, మన ఆక్షేపణను ఎవరు మన్నింతురు?

కావున ప్రతి గ్రామసభయు, ప్రతి పురపాలక సంఘమును ఇప్పుడే మూడు పనులు చేయవలయును. మంచము పట్టినవారి, ఒంటరి వృద్ధుల జాబితా వ్రాసి ఏటేట సరిచూడవలయును. వలసకూలీల పేర్లు వారు లేని వేళనైనను చేర్పవలయును. ముందు వెనుకల నియమమును అందఱికిని తెలియు తెలుగున వ్రాసి సచివాలయపు గోడకు అంటింపవలయును. నియమమును ప్రజలే ముందుగా నిర్ణయించి యుంచినచో, వడ్డించువాడు ఎవడైనను ఒకటే.