బండి పోయినా మాట పోకూడదు

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వీధులను ముంచెత్తింది. జనం మేడలెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. కింద నిలిపిన కార్లు, ఆటోలు మాత్రం రోజుల తరబడి బురదనీళ్లలో ఉండిపోయాయి. వరద తీశాక ఇన్సూరెన్స్ సర్వేయర్లు వచ్చారు. కొన్నింటికి మరమ్మతు రాశారు, కొన్నింటికి ‘టోటల్ లాస్’ అని రాశారు. వరదకైనా, రోడ్డు ప్రమాదానికైనా ఆ రెండు మాటలు చదివిన విశ్వాసి పాస్టరు దగ్గరికి వచ్చి అడిగే ప్రశ్న ఒకటుంది. “అయ్యగారూ, ప్రార్థన చేసి కొనుక్కున్న బండి. ఉంచుకోమంటారా, వదిలేయమంటారా?”

ఇది మెకానిక్‌ను అడగాల్సిన ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ ఇందులో మన విశ్వాసం, మన నిజాయితీ రెండూ పరీక్షకు నిలబడతాయి.

ముందు లెక్క చూద్దాం. బండి వయసును బట్టి తరుగు తీసేసి కంపెనీ ఒక విలువ కడుతుంది. దాన్ని ఐడీవీ అంటారు. నాలుగేళ్లు దాటి అయిదో ఏట ఉన్న బండికి ఆ విలువ కొత్త ధరలో సగమే. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతాన్ని మించితే మన దేశంలో టోటల్ లాస్‌గా లెక్కిస్తారు. ఐడీవీ 6 లక్షలు, మరమ్మతు అంచనా 4 లక్షల 80 వేలు అనుకుందాం. పాడైన బండిని అప్పగిస్తే, పాలసీ ప్రకారం మనం భరించాల్సిన కొద్ది మొత్తం పోను 6 లక్షలు వస్తాయి. మనమే ఉంచుకుంటామంటే, ఆ బండికి పాత సామాను వ్యాపారి కట్టే ధర తగ్గించి ఇస్తారు. అది లక్షన్నర అయితే చేతికొచ్చేది నాలుగున్నర లక్షలు. బ్యాంకు అప్పు ఉంటే అందులోంచి ముందు అప్పు తీరాలి. మిగిలినదానితో 4 లక్షల 80 వేల పని చేయించాలి. షెడ్డులో ఇంజను విప్పాక అంచనా పెరగడమే గానీ తగ్గడం అరుదు.

శిష్యరికం ఎంత ఖరీదైనదో చెప్పడానికి ప్రభువు గోపురం కట్టేవాని ఉపమానం చెప్పారు (లూకా 14). ముందు కూర్చుని ఖర్చు లెక్కించుకోవడం తెలివైనవాడి పని అన్నది ఆ ఉపమానానికి ఆధారం. కాబట్టి లెక్క చూసుకోవడం అవిశ్వాసం కాదు.

అయినా మనసు ఒప్పుకోదు. వెనక అద్దం మీద ‘యెహోవా యీరే’ అని రాయించుకున్నాం. కొన్న రోజున సంఘమంతా చుట్టూ నిలబడి ప్రార్థించింది. వదిలేస్తే దేవుడిచ్చిన దీవెనను వదిలేసినట్టేనా? అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం చదవండి. పౌలు ఎక్కిన ఓడలో 276 మంది ఉన్నారు. ఓడ పోతుంది గాని ఒక్కరి ప్రాణమూ పోదని పౌలు ముందే చెప్పాడు. అలాగే జరిగింది. ఈత వచ్చినవారు ఈదుకుంటూ, రానివారు ఓడ చెక్కలు పట్టుకుని మెలితే ద్వీపం ఒడ్డుకు చేరారు. ఆ చెక్కలు వారిని ఒడ్డుకు చేర్చాయి, వాటి పని అక్కడితో తీరింది. మూడు నెలల తర్వాత పౌలు వేరే ఓడ ఎక్కి రోమాకు వెళ్లాడు. దేవుడు తన సేవకుని ప్రయాణాన్ని కాపాడాడు, ఆ ఓడను కాదు. మన ఇంటివారు క్షేమంగా ఉంటే యెహోవా యీరే అన్న మాట నెరవేరినట్టే.

అలాగని ప్రతి బండినీ వదిలేయాలని మేము చెప్పడం లేదు. పాతబడ్డ కారుకు ఐడీవీ తక్కువ కాబట్టి తలుపులు, బంపరు, రంగు పోయినంత మాత్రానే ఖర్చు 75 శాతం దాటవచ్చు. ఇంజను, ఛాసిస్ గట్టిగా ఉంటే అలాంటిదాన్ని బాగుచేయించుకుని వాడుకోవడంలో తప్పులేదు. ఛాసిస్ వంగినా, నీళ్లు డ్యాష్‌బోర్డు దాకా వచ్చినా సంగతి వేరు. వైర్ల లోపల పట్టిన తుప్పు నెలల తర్వాత బయటపడుతుంది. అవసరమైన క్షణంలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు.

లేవీయకాండము 14వ అధ్యాయంలో ఇంటి గోడకు పట్టిన కుష్ఠుపొడ గురించి ఒక నియమం ఉంది. యాజకుడు వచ్చి చూసి, ఏడు రోజులు ఇల్లు మూయించాలి. పొడ వ్యాపిస్తే చెడిన రాళ్లు ఊడదీయించి, కొత్త రాళ్లు పెట్టించి, అడుసు పూయించాలి. అప్పుడు పొడ మళ్లీ రాకపోతే ఇల్లు నిలుస్తుంది. వస్తే పడగొట్టాల్సిందే. దేవుడు బాగుచేయడానికి అవకాశమిచ్చాడు, పైపూతతో తెగులు దాచడానికి మాత్రం ఇవ్వలేదు.

అసలు పరీక్ష ఇక్కడే ఉంది. టోటల్ లాస్ బండిని తక్కువలో బాగుచేయించి, రంగు వేయించి, “ఒక్క చేతి మీద నడిచిన బండి” అని చెప్పి అమ్మేవారున్నారు. పొడిచే ఎద్దని తెలిసీ కట్టేయని యజమాని ఆ ఎద్దు చేసిన హత్యకు బాధ్యుడని నిర్గమకాండము 21వ అధ్యాయం చెబుతుంది. రేపు ఆ కారులో కూర్చునేది ఎవరి బిడ్డ? కొనేవానికి ఉన్నదున్నట్టు చెప్పలేకపోతే ఆ బండిని అమ్మే హక్కు మనకు లేదు.

వదిలేసేటప్పుడూ జాగ్రత్త కావాలి. కొందరికి కావలసింది ఇనుము కాదు, ఆర్సీ. దొంగిలించిన కారుకు ఆ నంబర్లు వేసి తిప్పే ముఠాలు దేశంలో ఎన్నోసార్లు పట్టుబడ్డాయి. బండి పూర్తిగా నాశనమై ఇక ఎన్నటికీ వాడకానికి రాదంటే 14 రోజుల్లో, లేదా వీలైనంత త్వరగా, రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలని 1988 మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతుంది. ఆ పని చేయకుండా కాగితాలు ఎవరి చేతిలోనో పెట్టి రాకండి.

క్లెయిము రాసేటప్పుడు కూడా శోధన వస్తుంది. “అంచనా కాస్త పెంచి రాయిద్దాం, 75 దాటిపోతుంది” అని షెడ్డువాడు అంటాడు. “నీళ్లలో స్టార్ట్ చేశానని చెప్పకు” అని స్నేహితుడు అంటాడు. నీళ్లు నిండిన ఇంజనును స్టార్ట్ చేస్తే కలిగే నష్టానికి ఇంజను రక్షణ కవరు లేకపోతే మామూలుగా డబ్బు రాదు, అందుకే ఆ సలహా. ఆదివారం స్తుతించిన నోటితోనే సోమవారం సర్వేయరు ఎదుట మాట్లాడుతున్నామని మరువకూడదు.

నిజం చెప్పినందుకు నష్టపోయే కుటుంబాలుంటాయి. ఆ కారు మీదే కిరాయికి తిరిగి బతికే డ్రైవరు అన్నకు అది చిన్న నష్టం కాదు. ‘నిజాయితీగా ఉండు తమ్ముడూ’ అని చెప్పి పంపేసే సంఘం సగం పనే చేసినట్టు. కాగితాలు తెలిసిన పెద్ద ఒకరు అతనితో కంపెనీకి వెళ్లాలి. కానుకల పెట్టెలోంచి రెండు నెలల కిస్తీ కట్టగలిగితే కట్టాలి. నిజం చెప్పిన సహోదరుణ్ణి ఒంటరిగా మునగనీయకుండా ఒడ్డుకు చేర్చే చెక్కగా మన సంఘం ఉండాలని ప్రార్థిద్దాం.