జీర్ణవాహనం: మరమ్మతా, విక్రయమా?

జీర్ణించిన వస్తువును ఏమి చేయాలన్న ప్రశ్న కేవలం లౌకికమనీ, ముముక్షువు దానిపై కాలం వెచ్చించనవసరం లేదనీ కొందరి అభిప్రాయం. కాని బ్రహ్మవిద్యకు నిధానమైన కఠోపనిషత్తు సరిగ్గా ఆ ప్రశ్నతోనే ఆరంభమవుతున్నది. వాజశ్రవసుడు సర్వస్వాన్నీ దక్షిణగా ఇవ్వవలసిన యాగం చేస్తాడు. ఋత్విక్కులకు గోవులను దానం చేస్తాడు. అయితే అవి ఇక నీరు త్రాగలేనివి, గడ్డి మేయలేనివి, పాలివ్వలేనివి, ఈనలేనివి. ఆ గోవులు తరలిపోతుండగా బాలుడైన నచికేతునిలో శ్రద్ధ ప్రవేశించిందని శ్రుతి చెబుతున్నది. ఇటువంటి దానం చేసినవానికి ఆనందరహితమైన లోకాలే గతి అన్న చింత ఆ బాలుని యమసదనం వరకు నడిపించింది. ఒక గృహస్థు తన జీర్ణసంపదను వదిలించుకున్న తీరే ఆ ఉపనిషత్తుకు బీజమైనది.

ఈ దృష్టితో చోడవరం వంటి పట్టణంలో నేడు తరచు వినవచ్చే ఒక సందేహాన్ని పరిశీలించవచ్చును. పూర్వం విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరం చెరకు పండే సీమ. గోవాడ సహకార చక్కెర కర్మాగారం ఇక్కడిదే. వర్తకం వలననో, గుత్తేదారీ పనుల వలననో, విదేశాలలోనున్న సంతానపు ఆర్జన వలననో కొన్ని గృహాలలోనికి లక్షలు వెచ్చించి కొన్న విలాసవంతమైన కారు ప్రవేశించింది. స్వయంభూ విఘ్నేశ్వరస్వామి సన్నిధిలో వాహనపూజ జరిగింది, చక్రాల క్రింద నిమ్మకాయలు నలిగాయి. పది పన్నెండేళ్ళు గడిచాయి. ఇప్పుడు గేరు మారేటప్పుడు కుదుపు, సస్పెన్షన్‌లో శబ్దం, డాష్‌బోర్డుపై ఆరని హెచ్చరికదీపం. లక్షలు పోసి మరమ్మతు చేయించాలా, వచ్చిన ధరకు అమ్మివేయాలా అని గృహస్థు డోలాయమానుడవుతాడు.

వ్యావహారిక సత్యం

మొదట వ్యావహారికమైన స్థితిని స్పష్టంగా చూడాలి. కారు పాతబడినకొద్దీ దాని ధర పడిపోతుంది, విడిభాగాల ధర మాత్రం పడిపోదు. కొన్ననాడు 60 లక్షలు పలికిన కారుకు గేరుబాక్సు కావలసివస్తే, ఆ గేరుబాక్సు 60 లక్షల కారు గేరుబాక్సుగానే ధర పలుకుతుంది. ఆదాయపుపన్ను నియమాల ప్రకారం వ్యాపారంలో వాడే సాధారణ కారుకు ఏటా మిగిలిన విలువపై 15 శాతం తరుగుదల లెక్కిస్తారు. ఆ లెక్కన పదేళ్ళకు 60 లక్షలలో మిగిలేది సుమారు 11 లక్షల 80 వేలు. విపణిలో ఖరీదైన కార్ల విలువ తరచు ఇంతకంటె వేగంగా క్షీణిస్తుంది. కనుక ఒక పెద్ద మరమ్మతు కారు మొత్తం విలువలో మూడవ వంతో, సగమో కావడం వింత కాదు. పైగా అటువంటి కారును బాగుచేయగల పరికరాలున్న షెడ్డు కోసం సాధారణంగా అనకాపల్లి దాటి విశాఖ నగరానికి పోవలసినదే. మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషను చెల్లుబాటు 15 ఏళ్ళు. ఆపైన తనిఖీకి నిలబడితే 5 ఏళ్ళ చొప్పున పొడిగింపు. అంటే కాలపురుషుడు కారుకూ ఆయుఃప్రమాణం వ్రాసియే ఉంచాడు.

ఈ లెక్క తెలిసిన తరువాత కూడా నిర్ణయం కుదరకపోవడానికి కారణం లెక్కలో లేదు, మమకారంలో ఉన్నది.

ఇరువైపులా ఉన్న మమకారం

ఒక పక్షం వారు ఇలా అంటారు: "అమ్మివేయడమే వైరాగ్యం. నశించే వస్తువును పట్టుకొని వ్రేలాడటం మోహం." మరొక పక్షం వారు ఇలా అంటారు: "ఇన్నేళ్ళు సేవచేసిన వాహనాన్ని త్రోసివేయడం కృతఘ్నత. ఇప్పటికే ఇంత ఖర్చు పెట్టాము, ఇంకొక్కసారి పెడితే ఏమి?" రెండు వాదాలలోనూ శాస్త్రపరిభాష ఉన్నది. రెండింటి వెనుకా మమకారం దాగియుండవచ్చును.

మరమ్మతు చేయించేవాని మమకారం సులభంగా కనబడుతుంది. పోయిన ధనం పోయినదే. గతించిన ఖర్చు రాబోయే ఖర్చుకు ప్రమాణం కాజాలదు. కారు పోతే వీధిలో తన స్థానం తగ్గుతుందన్న భయానికి అతడు "సెంటిమెంటు" అని పేరు పెడతాడు. చోడవరంలో వెలసిన వేలుపును చూచినా ఆ భ్రాంతి తొలగవలసినదే. మహాకాయుడైన విఘ్నేశ్వరుడు మూషికాన్ని వాహనంగా చేసుకున్నాడు. వాహనం వలన ఆయనకు గౌరవం రాలేదు, ఆయన వలననే మూషికానికి పూజ దక్కింది.

అమ్మేవాని మమకారం సూక్ష్మం, అందువలన మరింత బలీయం. పాతది అమ్మి, అంతకంటె పెద్ద కారు కొనడానికి అప్పుచేసేవాడు దేనిని త్యజించినట్లు? గీతలో పదునెనిమిదవ అధ్యాయం త్యాగాన్ని మూడు విధాలుగా విభజిస్తున్నది. మోహం వలన విడిచినది తామసం, కాయక్లేశ భయంతో విడిచినది రాజసం, సంగాన్నీ ఫలాన్నీ విడిచి కర్తవ్యాన్ని ఆచరించడం సాత్త్వికం. అక్కడి ప్రస్తావన కర్మత్యాగాన్ని గురించినదే అయినా వస్తుత్యాగానికి కూడా ఆ తులామానం పనికివస్తుంది. మరమ్మతుల బెడద భరించలేక అమ్మడం రాజసకోటిలోనికి వస్తుంది. కారు వాకిలి దాటినంత మాత్రాన సంగం తెగదు.

ఈ రెండింటికంటె హీనమైనది, అయినను అత్యంత సాధారణమైనది మూడవ మార్గం: ఏ నిర్ణయమూ చేయకపోవడం. కారుకు టార్పాలిన్ కప్పి, "చూద్దాం" అని ఏళ్ళు గడపడం. బ్యాటరీ చచ్చిపోతుంది, టైర్లు బీటలు వారుతాయి, ఇంజనులో చేరిన ఎలుకలు వైర్లు కొరుకుతాయి. ఇది సంతృప్తి కాదు, వైరాగ్యమూ కాదు. నిర్ణయానికి జంకిన తమస్సు మాత్రమే.

నిర్ణయం ఎవరిది?

కఠోపనిషత్తులోనే దీనికి సమాధానం ఉన్నది. నచికేతుడు మూడవ వరంగా ఆత్మతత్త్వాన్ని అడిగినప్పుడు యముడు అతనికి అనేక ప్రలోభాలు చూపాడు. వాటిలో అప్సరసలతో, వాద్యాలతో కూడిన రథాలు కూడా ఉన్నాయి. ఆ కాలపు విలాసవాహనాలు అవే. వాహనాలూ నృత్యగీతాలూ నీ వద్దనే ఉండనీ అని బాలుడు త్రోసిపుచ్చాడు. అటుపిమ్మట మూడవ వల్లిలో యముడే మరొక రథాన్ని చూపాడు. శరీరం రథం, ఆత్మ రథి, బుద్ధి సారథి, మనస్సు పగ్గం, ఇంద్రియాలు గుఱ్ఱాలు. జీర్ణించిన గోవులతో మొదలై, విలాసరథాల నిరాకరణ మీదుగా, దేహరథ వివేకానికి చేరిన క్రమం ఇది. వస్తువును ఎట్లు విడవాలో తెలియనివానికి దేహాన్ని ఎట్లు విడవాలో తెలియదన్న సూచన ఈ క్రమంలో ఉన్నది.

అందుచేత నిర్ణయం పగ్గానిది కాదు, సారథిది. బుద్ధి అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ వాహనం ఇంకా వాహనమేనా? వహించేది వాహనం. ఇప్పుడు అది గృహస్థుని మోస్తున్నదా, గృహస్థే దానిని మోస్తున్నాడా?

వృద్ధులైన తల్లిదండ్రులను విశాఖలోని వైద్యుని వద్దకు తీసుకుపోవడానికి, ఇంటి పనులకు అది నిజంగా ఉపకరిస్తూ, మరమ్మతుకు అప్పు అవసరం లేనప్పుడు, బాగుచేయించి వాడుకోవడమే యుక్తం. ఉన్న వస్తువును జాగ్రత్తగా నిలుపుకోవడం అపరిగ్రహానికి విరుద్ధం కాదు. కొత్తదాని కోసం పరుగెత్తడంకంటె అదే అపరిగ్రహానికి సమీపం. అయితే అట్టివాడు మొదట సంగీతపు స్పీకర్లకు, తోలు సీట్లకు కాక బ్రేకులకు, స్టీరింగుకు, టైర్లకు ఖర్చుపెట్టాలి. చెరకు క్రషింగ్ రోజులలో రాత్రివేళ ట్రాక్టర్లు, ఎడ్లబళ్ళు, సైకిళ్ళు కలిసి నడిచే త్రోవలో చెడిన బ్రేకులతో తిరగడం హింస. ఆ ఖర్చు భరించలేనివానికి ఆ కారును రోడ్డెక్కించే అధికారం లేదు.

పిల్లల చదువుకు దాచిన ధనం మరమ్మతులకు కరిగిపోతున్నప్పుడు, కారు నెలలో ఇరవై రోజులు షెడ్డులోనే ఉంటున్నప్పుడు, విడవడమే ధర్మం. అసలైన పరీక్ష ఇక్కడినుండే మొదలవుతుంది.

విక్రయంలో సత్యం

వాజశ్రవసుని గోవులకు వ్యథ ఉన్నది, కారుకు లేదు. మరి జడవస్తువును విడవడంలో దోషం ఎక్కడ సంభవిస్తుంది? పుచ్చుకొనేవాని యందు. పన్నెండేళ్ళ విలాసవాహనాన్ని కొనేవాడు ఎవరు? తరచుగా, కొత్తది కొనే శక్తి లేక, ఆ హోదాపై ఆశ చావని యువకుడు. చిన్న కారు ధరకే పెద్ద కారు వస్తున్నదన్న ఆనందంలో అతడు అప్పుచేస్తాడు. కాని కొన్న ధర చిన్నదైనా మరమ్మతు ధర పెద్ద కారుదే అన్న సత్యం అతనికి ఆరు నెలల తరువాత గాని తెలియదు. అమ్మేవానికి అది అమ్మేనాడే తెలుసు.

అమ్మకానికి ముందురోజు యంత్రంతో హెచ్చరికదీపాన్ని తాత్కాలికంగా ఆర్పించడం, కిలోమీటర్ల మీటరును వెనుకకు త్రిప్పించడం, కారుతున్న ఆయిలును తుడిపించి ఇంజను కడిగించడం, తగిలిన దెబ్బను రంగుతో కప్పించడం విపణిలో కొత్తవి కావు. "కొనేవాడు చూచుకోవాలి, అందరూ చేసేదే కదా" అన్నది ఇక్కడి పూర్వపక్షం. ధర్మశాస్త్రం దీనిని అంగీకరించదు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయంలో ఒక వస్తువులో మరొకటి కలిపి అమ్మరాదనీ, సారం లేనిదానినీ, తక్కువైనదానినీ, దోషం కనబడకుండా మరుగుపరచినదానినీ అమ్మరాదనీ స్పష్టమైన నియమం ఉన్నది. కొన్నవానికి గాని అమ్మినవానికి గాని అనుతాపం కలిగితే పది దినాలలోగా సరుకును త్రిప్పి ఇచ్చుకోవచ్చునని కూడా అక్కడే ఉన్నది.

మహాభారతం శాంతిపర్వంలో జాజలి అనే తపస్వి కథ ఉన్నది. అతడు కదలక నిలచి తపస్సు చేయగా పక్షులు అతని జడలలో గూడు కట్టి పిల్లలను పెట్టాయి. తనంతటి ధర్మాత్ముడు లేడని అతడు గర్వించినప్పుడు, వారణాసిలోని తులాధారునికి నీవు సాటిరావని అంతరిక్షవాణి పలికింది. తులాధారుడు అంగడిలో కూర్చొని సరుకులమ్మే వర్తకుడు. అతని తపస్సంతా అందరికీ సమంగా తూగే త్రాసులో, కపటం లేని క్రయవిక్రయంలో ఉన్నది. జాజలి అతని వద్ద ధర్మం నేర్చుకున్నాడు. కారును అమ్మే గృహస్థుకు ఆ ఒక్కరోజు తులాధారుడయ్యే అవకాశం లభిస్తున్నది.

ఆచరణలో దీని అర్థం సరళం. మరమ్మతు రసీదులన్నీ కొనేవాని చేతిలో పెట్టాలి. ఏ దోషం ఉన్నదో, దానికి షెడ్డువారు ఎంత చెప్పారో దాచకుండా చెప్పాలి. అతనికి నమ్మకమైన మెకానిక్‌ను తెచ్చుకొమ్మనాలి. ఇందువలన ధర తగ్గుతుంది, నిశ్చయం. ఆ తగ్గిన లక్షయే ఇక్కడి అసలు త్యాగం. తక్కినదంతా వర్తకం. మరమ్మతుకు గాని అమ్మకానికి గాని తగని కారైతే ప్రభుత్వం నమోదు చేసిన తుక్కు కేంద్రానికి అప్పగించి, ఆర్.సి. రద్దు చేయించుకోవడం మేలు. మరొకని నెత్తిన పెట్టడంకంటె ఇనుమును ఇనుముగా విడవడం పుణ్యం.

చట్టం కూడా ఒక ఆధ్యాత్మిక సత్యాన్ని తెలియకయే బోధిస్తున్నది. కారు అమ్మి, డబ్బు తీసుకొని, తాళం ఇచ్చినంత మాత్రాన బంధం తీరదు. ఫారం 29, ఫారం 30 సమర్పించి, ఒకే రాష్ట్రంలోనైతే 14 దినాలలోగా రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి. యాజమాన్య బదిలీ నమోదు కాకుండా ప్రమాదం జరిగితే, రికార్డులో ఎవరి పేరున్నదో వారే యజమానిగా బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వస్తువు పోయినా పేరు నిలిచినంతకాలం కర్మ వెన్నంటుతుంది. "నాది" అన్నది లోపలా బయటా కూడా తెగవలసినదే.

కృతార్థమైన రథం

కురుక్షేత్రంలో దుర్యోధనుడు కూలిన పిమ్మట శ్రీకృష్ణుడు అర్జునుని మొదట రథం దిగమన్నాడు. గాండీవంతో, అమ్ములపొదులతో అతడు దిగాడు. తరువాత స్వామి దిగాడు. ధ్వజంపైనున్న కపి అంతర్ధానమైనది, రథం భగ్గున మండి భస్మమైపోయింది. ద్రోణకర్ణుల అస్త్రాలతో అది ఏనాడో దగ్ధమైనదనీ, తాను అధిష్ఠించి ఉన్నందువలననే నిలచినదనీ స్వామి చెప్పాడు. దివ్యరథానికే కార్యం తీరినవెనుక నిలువ లేనప్పుడు, కర్మాగారంలో పుట్టిన రథం కొరకు విలపించడం తగదు. పూరీలో జగన్నాథుని మూడు రథాలను ఏటేటా కొత్తగా నిర్మించి, ఉత్సవానంతరం విప్పివేస్తారు. మరుసటి ఏటికి ఆ వైభవాన్ని ఎవరూ దాచిపెట్టుకోరు.

కనుక మరమ్మతా, విక్రయమా అన్నది ధర్మనిర్ణయంలో సగమే. ఉంచుకొంటే ఎవరికీ హాని కలగని విధంగా ఉంచుకోవాలి. విడిస్తే దోషాన్ని తన నోటితో చెప్పి విడవాలి. వాజశ్రవసుని ఇంట నచికేతుడు ఉన్నట్లు ప్రతి ఇంటా ఒక బాలుడు తండ్రి లావాదేవీని మౌనంగా గమనిస్తూ ఉంటాడు. హెచ్చరికదీపాన్ని ఆర్పించి అమ్మిన తండ్రి ఆ బాలునికి తరువాత చెప్పే సత్యవ్రతం రుచించదు. లక్ష తగ్గించుకొని నిజం చెప్పిన తండ్రి వేరే ప్రవచనం చేయనవసరం లేదు.

స్వస్తి.