బ్యాంకు గార్డుకు తుపాకి పనా, చలానాల పనా?

నందిగామ, జగ్గయ్యపేట, కంచికచర్ల ప్రాంతాల రైతులు పంట రుణం తిరగ రాయించుకోవడానికో, బంగారం కుదువ పెట్టడానికో బ్యాంకుకు వెళితే, తుపాకి గార్డు ఉన్న శాఖలలో గుమ్మం దగ్గర మొదట కనపడేది ఆయనే. ఆయన దగ్గర ఉండేది సాధారణంగా జోడు గొట్టాల 12 బోరు తుపాకి. రోజూ చూసి చూసి మనకు అది గోడ గడియారంతో సమానమై పోయింది.

ఆ గార్డు చేస్తున్న పనులు ఒకసారి గమనించండి. చదువురాని ముసలమ్మకు డబ్బు తీసే ఫారం నింపుతాడు. వరుస సరి చేస్తాడు. పాసుపుస్తకాలు లోపలికి అందిస్తాడు. మేనేజరుగారు గంట కొడితే టీ తేవడానికీ ఆయనే. ఇందులో గార్డును తప్పు పట్టవలసింది లేదు. ముసలమ్మకు సాయం చేయడం మంచి పనే. కాని ఫారం నింపాలంటే రెండు చేతులూ కావాలి. అప్పుడు తుపాకి ఎక్కడ ఉంటుంది? గోడకు చేరవేసి ఉంటుంది, లేదా కుర్చీ మీద పడుకొని ఉంటుంది. పక్కనే తల్లి వెంట వచ్చిన పిల్లవాడు ఆడుకుంటూ ఉంటాడు. ఈ ప్రాంతంలో ఒక శాఖలో నేను కళ్లారా చూసిన దృశ్యమిది. ఊరు పేరు అనవసరం.

ఈ తుపాకి సంగతి తెలియని వారికి నాలుగు మాటలు. గొట్టాల వెనుక, పైన ఉన్న మీటను పక్కకు నెడితే గొట్టాలు విరిగినట్లుగా కిందికి వంగుతాయి. తూటాలు పెట్టేదీ తీసేదీ అక్కడే. అలా వంచి ఉంచితే తూటా ఉన్నదీ లేనిదీ దగ్గర నిలబడిన వారెవరికైనా తెలుస్తుంది, అది పేలదు కూడా. మూసి ఉంటే మాత్రం చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. "సేఫ్టీ వేసే ఉన్నది లెండి" అంటారు. ఈ రకం తుపాకులలో చాలావాటికి సేఫ్టీ ట్రిగ్గరును మాత్రమే ఆపుతుంది. తూటా ఉన్న తుపాకి జారి గచ్చు మీద గట్టిగా పడితే, ట్రిగ్గరు ఎవరూ తాకకుండానే పేలవచ్చు. జనంతో కిక్కిరిసిన గదిలో అది పేలితే, సిమెంటు గోడకు తగిలిన గుండ్లు ఎటు ఎగిరేదీ ఎవరు చెప్పగలరు?

దొంగ వస్తే ఖాళీ తుపాకితో ఏం చేస్తాడని కొందరు అడుగుతున్నారు. తుపాకి గార్డు చేతిలో ఉన్నంతసేపు తూటాలు ఉండనివ్వండి, ఎవరూ కాదనరు. చేతిలోనుంచి కింద పెట్టేటప్పుడు మాత్రం తూటాలు బయటకు రావాలి. అసలు గోడకు ఆనించిన తుపాకి దొంగకే ముందు అందుతుంది!

2021 జూలైలో హైదరాబాదు గన్‌ఫౌండ్రీలోని స్టేట్ బ్యాంకు శాఖలో గార్డుకూ ఒక కాంట్రాక్టు ఉద్యోగికీ మాటామాటా పెరిగింది. గార్డు కాల్చాడు, ఉద్యోగి గాయపడ్డాడు. దొంగా రాలేదు, దోపిడీ జరగలేదు. గార్డుకు తుపాకి ఇచ్చిన చోట ఆయన మీద చిల్లర పనులూ, చిల్లర మాటలూ పడకుండా చూసే బాధ్యత కూడా యాజమాన్యానిదే.

చట్టం లేక కాదు. 1959 ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, నిర్లక్ష్యంగా కాల్చి ఇతరుల ప్రాణాలకు అపాయం తెచ్చిన వారికి రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 2016 నియమాలు లైసెన్సు కోరేవారికి ఆయుధ భద్రతలో శిక్షణ ఉండాలన్నాయి. అయితే లైసెన్సునాడు నేర్చుకున్నది పదేళ్ల తరువాత చేతికి గుర్తుంటుందా? గార్డులలో చాలామంది మాజీ సైనికులు. వారు సైన్యంలో పట్టినది రైఫిలు, ఇక్కడ ఇచ్చినది జోడు తుపాకి. ఏటా ఒక పూట సెలవిచ్చి, తూటాల ఖర్చు బ్యాంకే భరించి, పోలీసువారి మైదానంలో సాధన చేయిస్తే బ్యాంకుకు వచ్చే నష్టమేమిటో అర్థం కాదు.

ఫారాలు నింపడానికి వేరే మనిషిని పెట్టమని మేనేజర్లను ఖాతాదారులే అడగాలి. గార్డు భోజనానికి వెళ్లేటప్పుడు తుపాకిని తాళం వేసి పెట్టే ఇనుప బీరువా ఉన్నదా అని కూడా అడగండి. మన కుర్రవాళ్లు "ఒకసారి పట్టుకుంటాను, ఫొటో తీసుకుంటాను" అని గార్డు వెంట పడటం కూడా చూస్తున్నాము. ఆయన మొహమాటానికి ఇచ్చినా పెద్దలు అక్కడికక్కడే వారించాలి.