స్పర్శ లేని పాదానిదే తొలి హక్కు

రోబో వేళ్లకు చర్మం తొడిగే పని ఇప్పుడు చాలా దేశాల్లో జోరుగా సాగుతోంది. సాగే రబ్బరు లాంటి పొరలో సన్నటి విద్యుత్ తీగలు అమర్చుతారు. పొరను నొక్కినప్పుడు విద్యుత్తులో వచ్చే మార్పే స్పర్శగా అందుతుంది. టోక్యోలో తకావో సొమేయా ఇరవై ఏళ్ల కిందటే ఇలాంటి పొరలు చేసి చూపారు. స్టాన్‌ఫర్డ్‌లో జెనన్ బావో బృందం 2023లో ఇంకో మెట్టు ఎక్కింది. వాళ్ల మెత్తటి పొరను నొక్కితే పుట్టిన సంకేతం ఎలుక మెదడుకు చేరింది, దాని కాలు కదిలింది.

ఈ వార్తలు చదివినప్పుడల్లా మాకు బాపట్ల గుర్తొస్తుంది. కుష్ఠు రోగుల కోసం రక్షణ సైన్యం (సాల్వేషన్ ఆర్మీ) వారు ఆస్పత్రి నడిపిన ఊరు అది. ఆ రోగులు నిలబెట్టుకున్న బెతనీ కాలనీ కూడా అక్కడిదే. 1980ల్లో బహుళ ఔషధ చికిత్స వచ్చాక జబ్బు నయమవుతోంది గానీ, చచ్చుబడిన నరం మళ్లీ లేవడం అరుదు. స్పర్శ పోయిన చెయ్యి కాలే గిన్నెను మసిగుడ్డ లేకుండానే దింపుతుంది. ముల్లు దిగిన పాదం ఆగకుండా నడుస్తుంది. కుష్ఠు వస్తే వేళ్లు వాటంతటవే రాలిపోతాయని ఊళ్లలో ఇంకా నమ్ముతారు. నొప్పి తెలియక పదేపదే తగిలే దెబ్బలు, కాలిన గాయాలే వాటిని తినేస్తాయని వెల్లూరులో పనిచేసిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ లోకానికి చూపించారు.

ఆయనే 1966లో అమెరికాలోని కార్విల్‌కు వెళ్లాక, చేతి తొడుగుల్లో, మేజోళ్లలో సెన్సర్లు పెట్టి కృత్రిమ నొప్పిని తయారుచేయబోయారు. ఒత్తిడి మితిమీరితే చెవిలో మోత వచ్చేది, రోగులు దాన్ని పట్టించుకోలేదు. దీపం వెలిగించినా అంతే. చివరికి చిన్న షాక్ ఇచ్చేలా చేస్తే, పనికి అడ్డొస్తోందని మీట కట్టేసి తలపెట్టిన పని కానిచ్చేవారు. సెన్సర్లు చూస్తే ఖరీదు, పైగా తొందరగా పాడయ్యేవి. ఏళ్ల శ్రమ తర్వాత బ్రాండ్ ఆ ప్రయత్నం వదులుకున్నారు. ఎలక్ట్రానిక్ చర్మం మీద పనిచేసే ప్రతి విద్యార్థీ ముందుగా తెలుసుకోవలసిన కథ ఇది. సెన్సర్ ప్రమాదాన్ని తెలియజేస్తే చాలదు, మనిషి ఆ మాట వినేలా చెప్పాలి.

కుష్ఠు తగ్గుముఖం పట్టినా స్పర్శ పోవడం తగ్గలేదు. ఇప్పుడు ఆ పని షుగరు చేస్తోంది. మొదట అరికాళ్ల తిమ్మిరి, మంటలు. కొన్నాళ్లకు నడుస్తుండగా చెప్పు జారిపోయినా తెలియదు. తెనాలి పొలాల్లో నత్తగుల్ల గీరినా, రేపల్లె వైపు రొయ్యల చెరువు గట్టు మీద గాజుపెంకు గుచ్చుకున్నా అంతే. ఇంట్లోవాళ్లు నెత్తురు చూసి చెబితేనే తెలుస్తుంది. పుండు ముదిరితే కాలు తీసేయడం దాకా వస్తుంది.

పుండు పడబోయే చోట ముందుగానే వేడి పుడుతుంది. రెండు పాదాల్లో ఒకే చోట రెండు డిగ్రీల సెల్సియస్‌కు మించి తేడా కనిపిస్తే జాగ్రత్తపడాలని వైద్యులు అంటారు. ఆ వేడినీ ఒత్తిడినీ కనిపెట్టే పలుచని పొరను చెప్పులో అమర్చడం మన ఇంజనీరింగ్ విద్యార్థులకు అందని పని కాదు. డెల్టా చెమటకూ బురదకూ అది తట్టుకోవాలి, కూలి మనిషి కొనగలిగే ధర ఉండాలి, ఊళ్లోనే బాగుచేయించుకోగలగాలి. ఈ మూడూ కుదరడమే కష్టం. బాపట్ల ఇంజనీరింగ్ కాలేజీ నుంచి బెతనీ కాలనీ దూరాభారం కాదు. చివరి ఏడాది ప్రాజెక్టుకు అంశం వెతుక్కునే పిల్లలను అధ్యాపకులు ఒకసారి అక్కడికి తీసుకెళ్లాలి, తెనాలి ఆస్పత్రిలో పాదాల పుళ్లకు కట్లు కట్టే సిస్టర్ల దగ్గర కూర్చోబెట్టాలి.

షుగరున్న పాఠకులు ఆ చెప్పు వచ్చేదాకా ఆగవద్దు. రోజూ పడుకునే ముందు అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి. వంగలేకపోతే అద్దం పెట్టుకోండి, చూపు ఆనకపోతే ఇంట్లో ఎవరినైనా చూడమనండి. ఇంట్లో అయినా వట్టి కాళ్లతో తిరగకండి. ఏడాదికోసారి డాక్టరు చేత పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోండి.