సంధిపత్రము మీది సంతకము

ఒక రాష్ట్రపు ఎల్లలను మార్చవలెనన్న పార్లమెంటు చట్టము కావలెను. దేశపు ఎల్లనే మార్చవలసి వచ్చినపుడు ప్రధానమంత్రి సంతకము మాత్రమే చాలునా? భారతదేశములో ఈ ప్రశ్న బెరుబారి అను చిన్న ప్రాంతము కారణముగా పుట్టినది. అరువదియేండ్లు దాటినను దానికి లభించిన సమాధానము సగమే. మిగిలిన సగము నేటికిని చట్టరూపము దాల్చలేదు.

పశ్చిమ బెంగాలులోని జల్పాయిగురి జిల్లాకు చెందిన 12వ నంబరు బెరుబారి యూనియను వైశాల్యము 8.75 చదరపు మైళ్లు. నాటి జనాభా పది పండ్రెండు వేలు. 1947 నాటి రాడ్‌క్లిఫ్ తీర్పు పిమ్మట అది భారతదేశపు పాలనలోనే యున్నది. 1952లో పాకిస్తాన్ దానిపై వివాదము లేవదీసినది. 1958 సెప్టెంబరులో ప్రధానులు జవహర్‌లాల్ నెహ్రూ, ఫిరోజ్ ఖాన్ నూన్ చేసికొన్న ఒడంబడికలో బెరుబారిని చెరిసగముగా పంచుకొనుటకు అంగీకరించిరి. ఆ నేలమీద నున్నవారిని అడిగినవారు లేరు. బెంగాలులో అలజడి చెలరేగినది. రాష్ట్రపతి 143వ అధికరణము ననుసరించి సుప్రీంకోర్టు అభిప్రాయమును కోరిరి.

ఇది భూమి నిచ్చుట కాదు, సందిగ్ధముగా నున్న సరిహద్దును తేల్చుకొనుట మాత్రమే, కావున కార్యనిర్వాహకవర్గమునకు గల అధికారమే చాలునని ప్రభుత్వము వాదించినది. 1960 మార్చిలో వెలువడిన అభిప్రాయములో న్యాయస్థానము ఆ వాదమును త్రోసిపుచ్చినది. భూభాగము నొదలుకొను శక్తి సార్వభౌమరాజ్యమునకు సహజముగా గలదు; అయినను ఆ శక్తిని రాజ్యాంగము చూపిన మార్గముననే వినియోగింపవలెను. రాష్ట్రముల ఎల్లలను మార్చు 3వ అధికరణము దేశపు భూమిని పరదేశమున కిచ్చుటకు పనికిరాదు. 368వ అధికరణము క్రింద రాజ్యాంగ సవరణ కావలెను. ఆ ప్రకారమే 1960లో తొమ్మిదవ సవరణ చేయబడినది. అయినను వ్యాజ్యములు సాగుచుండుటచే అప్పగింత జరుగలేదు. 1971లో బంగ్లాదేశ్ అవతరించినది. 1974 నాటి ఒడంబడికలో బెరుబారి భారతదేశమునకే మిగిలినది.

ఈ కథకు రెండవ ముఖము కూడ గలదు. ఆ 1974 ఒడంబడికలోనే సరిహద్దు కిరువైపుల చిక్కుకొనిన పరాయిఖండముల మార్పిడికి ఏర్పాటు గలదు. భారతదేశమునకు చెందినవి 111, బంగ్లాదేశ్‌కు చెందినవి 51. అందలి ప్రజలు ఏ ప్రభుత్వపు బడికిగాని, ఆసుపత్రికిగాని, వోటుకుగాని నోచుకొనక తరములు గడపిరి. నూరవ రాజ్యాంగ సవరణ జరిగి ఆ మార్పిడి అమలగునప్పటికి 2015 వచ్చినది. నలువదియొక్క యేండ్లు! రాజ్యాంగ మర్యాదలు మానవుని కష్టమును పొడిగించినవని ఆక్షేపించువారి మాట తేలికగా త్రోసివేయదగినది కాదు. కాని తప్పు మర్యాదలది కాదు. ఆ సవరణ తుదకు సభలయెదుట నిలిచినపుడు రెండు సభలలోను వ్యతిరేకముగా ఒక్క వోటైనను పడలేదు. లోపించినది మార్గము కాదు, నడచు సంకల్పము.

బెరుబారి అభిప్రాయము విడిచిన ఖాళీలు రెండు. మొదటిది వివాదము అను మాట. కచ్ సరిహద్దుపై అంతర్జాతీయ న్యాయమండలి 1968లో ఇచ్చిన తీర్పును అమలుపరచుటకు రాజ్యాంగ సవరణ అక్కరలేదని 1969లో సుప్రీంకోర్టే చెప్పినది. వివాదగ్రస్తమైన ఎల్లను తేల్చుకొనుట భూమిని వదలుకొనుట కాదు గదా! సూత్రము సరియైనదే. కాని ఇట్టి న్యాయమండలి ఎదుటకు పోని సందర్భములలో, భూమి వివాదగ్రస్తమని మొదట చెప్పువారెవరు? ప్రభుత్వమే. 1974లో కచ్చతీవు శ్రీలంక వైపునకు పోయినపుడు ఈ వాదమే అండయైనది. తమిళనాట ఆ అసంతృప్తి చల్లారలేదు.

రెండవ ఖాళీ మరింత పెద్దది. నేటి సంధులు భూమికంటె జీవనమును ఎక్కువగా తాకుచున్నవి. 1994 ఏప్రిలులో మర్రకేష్ నగరమున ప్రపంచ వాణిజ్య సంస్థ ఒడంబడికపై భారతదేశము సంతకము చేసినది. వ్యవసాయము రాష్ట్రజాబితాలోని విషయము. అయినను 253వ అధికరణమునుబట్టి సంధి అమలుకై పార్లమెంటు ఏ విషయముననైనను చట్టము చేయగలదు. ఆ ఒడంబడిక ఫలితముగనే 2005లో పేటెంటు చట్టము మారి, మందులపై ఉత్పత్తి పేటెంట్లు తిరిగి వచ్చినవి. దేశము మాట యిచ్చిన తరువాత పార్లమెంటు చేయగలిగినది ఆ మాటను చట్టముగా వ్రాయుటయే. కాదన్నచో దేశము మాట తప్పినట్లగును. చర్చ యున్నది, నిర్ణయస్వేచ్ఛ లేదు.

రాష్ట్రముల స్థితి మరింత విచిత్రము. 2013 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ విభజన బిల్లు అభిప్రాయమునకై శాసనసభకు వచ్చినది. సభ తిరస్కరించినను విభజన ఆగలేదు. అయినను అడుగుట అను మర్యాదయైన 3వ అధికరణము విధించినది. అదే రాష్ట్రపు నేలను విదేశమున కిచ్చు సవరణకు ఆ మాత్రపు మర్యాదయు రాజ్యాంగరీత్యా అవసరము లేదు. ఇంటిలోని గోడ జరుపుటకు అడుగవలెను, పెరడు పొరుగువాని కిచ్చుటకు అడుగనక్కరలేదు!

దౌత్యమునకు గోప్యత కావలెనని, నూర్ల సభ్యులు కూడి బేరమాడజాలరని పెద్దలందురు. నిజమే. కాని సంప్రదింపులు వేరు, కట్టుబాటు వేరు. మొదటిది నాలుగుగోడల నడుమ సాగవచ్చును. రెండవది వెలుతురులోనే జరుగవలెను. అమెరికాలో సంధికి సెనెట్‌లో మూడింట రెండువంతుల మద్దతు కావలెను. బ్రిటనులో 2010 నాటి చట్టమునుబట్టి ధ్రువీకరణ అవసరమైన సంధిని సాధారణముగా ముందుగా 21 సమావేశ దినములు పార్లమెంటు ముందుంచవలెను. ఆ దేశముల దౌత్యము ఇందువలన మూగవోలేదు.

భారతదేశములో ఇందుకు రాజ్యాంగ సవరణయు అక్కరలేదు. సంధులు చేసికొనుట కేంద్రజాబితాలో 14వ అంశము. దానిపై చట్టము చేయు అధికారము పార్లమెంటుకు తొలినుండియు గలదు. అట్టి చట్టము కావలెనని రాజ్యాంగ సమీక్షా సంఘము 2002లోనే సూచించినది. భూమిని, పౌరుల హక్కులను, రాష్ట్రముల విషయములను తాకు ఒడంబడికలు ధ్రువీకరణకు ముందే సభల ఆమోదము పొందవలెనని, సంబంధించిన శాసనసభ అభిప్రాయము తీసికొనవలెనని ఆ చట్టము శాసింపవలెను. తక్కిన నిత్యవ్యవహారపు ఒప్పందములను ప్రభుత్వమునకు విడువవచ్చును.

ప్రధానమంత్రి సంతకమునకు విలువ వచ్చునది ఆయన వెనుక దేశము నిలిచియున్నపుడే. ఆ దేశమునకు చెప్పకయే చేసిన సంతకము ఎంత మంచి మనస్సుతో చేసినదైనను అప్పుపత్రము వంటిది. వ్రాసినవారొకరు, తీర్చువారు వేరొకరు. బెరుబారి రైతునకు 1958లో తెలిసివచ్చినది ఇదియే.